పెద్ద క్రూజ్ షిప్పులో ఇద్దరికి ఒక కేబిన్: ఏడు రాత్రుల కాపురానికి సమగ్ర మార్గదర్శి

పెద్ద ఓడల్లో ఇద్దరికిచ్చే మామూలు బాల్కనీ గది సుమారు 180 చదరపు అడుగులు ఉంటుంది. మన ఇళ్లలో 12 అడుగులకు 15 అడుగుల పడకగది అంత. కాకపోతే ఆ 180లోనే బాత్రూమ్, అల్మరా, సోఫా, బల్ల, ఇద్దరి పెట్టెలు అన్నీ ఇమడాలి. బాల్కనీ ఇంకో 50 అడుగులు. కిటికీ లేని లోపలి గదులు ఇంకా చిన్నవి, చాలావరకు 150, 170 మధ్య. ఇందులో ఏడు రాత్రులు ఇద్దరు హాయిగానే గడపొచ్చు. రెండు చోట్ల మాత్రం శ్రద్ధ పెట్టాలి: బుక్ చేసేటప్పుడు గది నంబరు దగ్గర, ఓడెక్కిన రోజు మొదటి గంటలో. ఈ రెండూ గాలికొదిలేసి, మూడో రోజుకల్లా "గది ఇరుకు, నిద్ర పట్టట్లేదు" అని విసుక్కునేవాళ్లే ఎక్కువ.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నవి ఫ్లోరిడా రేవుల నుంచి కరీబియన్ దీవులకు వెళ్లే రాయల్ కరీబియన్ కంపెనీ ఒయాసిస్ తరగతి ఓడలు. ఈ వరసలో మొదటిది 2009లో వచ్చిన ఒయాసిస్ ఆఫ్ ద సీస్. పొడవు 360 మీటర్లు, అంటే 15 పెట్టెల రైలంత. విశాఖ రేవు నుంచి కార్డీలియా కంపెనీ నడిపిన ఎంప్రెస్ 1990 నాటి ఓడ, దాని టన్నేజీ (బరువు కాదు, ఓడ లోపలి మొత్తం జాగాను చెప్పే లెక్క) 48 వేల పైచిలుకు. ఒయాసిస్‌ది 2 లక్షల 25 వేలు దాటుతుంది. చిన్న ఓడలో గదులు కూడా చిన్నవే కాబట్టి కింద చెప్పినవాటిలో చాలావరకు అక్కడా పనికొస్తాయి.

1. గది నంబరు ఎంచుకోవడం

అందరూ ముందు చూసేది రకం: లోపలి గదా, కిటికీ గదా, బాల్కనీయా అని. అంతకంటే ముఖ్యమైనది ఆ గదికి పైనా కిందా ఏముందన్నది. కంపెనీ వెబ్‌సైట్లో డెక్ ప్లాన్ ఉంటుంది, అంటే ఓడలో ఒక్కో అంతస్తు పటం. మీకు చూపించిన నంబరు అందులో వెతకండి. తర్వాత దాని పై డెక్కు, కింది డెక్కు తెరిచి సరిగ్గా అదే చోట ఏముందో చూడండి. పైనా కిందా గదులే ఉంటే నిశ్చింతగా తీసుకోవచ్చు. ఒయాసిస్ తరగతిలో 9 నుంచి 12 వరకు డెక్కులు ఈ లెక్కకు బాగా సరిపోతాయి. 14వ డెక్కుకు సరిగ్గా పైన ఈతకొలనుల డెక్కు ఉంటుంది. తెల్లవారకముందే అక్కడ కుర్చీలు ఈడ్చి సర్దే చప్పుడు కింది గదుల నెత్తిన పడుతుంది.

ప్లాన్‌లో పేరేమీ రాయకుండా తెల్లగా వదిలేసిన జాగాలు కొన్ని కనిపిస్తాయి. అవి ఖాళీ జాగాలు కావు. సిబ్బంది వాడే స్టోరు గదులు, వంటశాలలు, ట్రాలీలు తిప్పే దారులు. వాటిని ఆనుకుని ఉన్న గది, వాటి కింద గది రెండూ వద్దు. ఉదయం ఐదింటికి ఇనుప చక్రాల మోత మొదలైతే కంపెనీవాళ్లు చేయగలిగేది కూడా పెద్దగా ఉండదు, ఎందుకంటే ఓడ నిండుగా ఉంటే మార్చడానికి వేరే గది దొరకదు.

ఓడ ఊగడం గురించి భయం ఉన్నవాళ్లు ఏతాన్ని గుర్తు తెచ్చుకోండి. ఏతం కొస బారెడు పైకీ కిందికీ లేచి దిగుతుంది, ఇరుసు దగ్గర కదలికే ఉండదు. ఓడ కూడా అంతే. ముందు కొస గదులు బాగా లేస్తాయి, దిగుతాయి. మధ్యలో, తక్కువ డెక్కులో ఉన్న గది అతి తక్కువ కదులుతుంది. ముందు కొసకు ఇంకో బాధ ఉంది: రేవులో ఓడను పక్కకు జరిపే థ్రస్టర్లు అక్కడే ఉంటాయి, తెల్లవారుజామున ఓడ రేవు చేరేటప్పుడు కింది గదులు గడగడలాడతాయి. వెనక కొసలో చోదక యంత్రాల వల్ల సన్నటి అదురు ఉంటుంది. అది కొందరికి జోల, కొందరికి తలనొప్పి.

ఒయాసిస్ తరగతిలో ఒక మెలిక ఉంది. లిఫ్టులు ముందు వైపు ఒక గుంపు, వెనక వైపు ఒక గుంపు. సరిగ్గా మధ్యలో లిఫ్టుల్లేవు. అంటే కదలిక తక్కువగా ఉండే గదికి నడక ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తుంటే లిఫ్టుకు ఐదారు తలుపుల దూరంలో తీసుకోండి. లిఫ్టు హాలు పక్కనే అయితే రాత్రి ఒంటిగంట దాకా మాటలు వినిపిస్తాయి.

సముద్రం వైపు కాకుండా ఓడ లోపలి వైపుకు తెరుచుకునే బాల్కనీలు కూడా ఈ ఓడల్లో ఉన్నాయి, కాస్త చవక. 8వ డెక్కులో ఉన్న సెంట్రల్ పార్క్ అనే తోట వైపువి ప్రశాంతంగా ఉంటాయి, కానీ ఎదుటి వరస బాల్కనీల నుంచి మీ గదిలోకి కనిపిస్తుంది కాబట్టి కర్టెన్ వేసుకునే ఉండాలి. బోర్డ్‌వాక్ అనే నడక వీధి వైపువి వెనకున్న నీటి ప్రదర్శనల వేదికకు దగ్గర. ప్రదర్శన ఉన్న రాత్రి తొందరగా పడుకుందామంటే కుదరదు.

రెండు గదుల మధ్య తలుపు ఉన్నవాటికి ప్లాన్‌లో గుర్తు వేస్తారు. అమ్మానాన్నలు పక్క గదిలో ఉంటే అది వరం. లేకపోతే పక్కవాళ్ల టీవీ, దగ్గు, తగువు అన్నీ ఆ తలుపు సందుల్లోంచి వస్తాయి. పక్కపక్క బాల్కనీలు మనవే అయితే మధ్య అడ్డు తలుపు తీయమని స్టీవార్డ్‌ను (గది శుభ్రం చేసే ఉద్యోగిని) అడగొచ్చు, చాలా గదుల్లో అది తెరుచుకుంటుంది.

గది నంబరు మీరు ఎంచుకోకుండా కంపెనీకే వదిలేస్తే ధర తగ్గుతుంది. దీన్నే గ్యారంటీ గది అంటారు. ఎక్కడిచ్చినా నిద్రపోయేవాళ్లకు మంచి బేరం. కడుపులో తిప్పేవాళ్లకు, చప్పుడుకు లేచేవాళ్లకు కాదు.

డబ్బు లెక్క వేసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ప్రకటనల్లో కనిపించే ధర గదికి కాదు, గదిలో ఇద్దరున్నారనుకుని ఒక్కో మనిషికి. దాని మీద పన్నులు, రేవు రుసుములు, రోజువారీ టిప్పులు. టిప్పు మామూలు గదుల్లో మనిషికి రోజుకు 18 డాలర్ల పైనే పడుతుంది కాబట్టి ఇద్దరికి ఏడు రాత్రులకు 250 డాలర్లు దాటుతుంది.

గది కంటే ముందు చూసుకోవాల్సింది ఇంకోటి ఉంది. హెచ్‌-1బి మీద ఉండి పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరినవాళ్లకు కెనడా, మెక్సికోలకు వెళ్లి 30 రోజుల లోపు ఆ పాత స్టాంపుతోనే అమెరికాకు తిరిగి రావచ్చన్న వెసులుబాటు ఉంది, కానీ అది కరీబియన్ దీవులకు వర్తించదు. దీవులకు ఆ సౌకర్యం ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్చేంజ్) వీసాల వాళ్లకే. బహామాస్‌లో ఆగే ఓడ ఎక్కేముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.

2. పెట్టెలో పెట్టాల్సినవి, పెట్టకూడనివి

ఇస్త్రీపెట్టె, కెటిల్, రైస్ కుక్కర్, ఇండక్షన్ పొయ్యి, కొవ్వొత్తులు, అగరుబత్తులు వద్దు. వేడెక్కేదీ, నిప్పంటుకునేదీ ఏదైనా స్కానింగులో పట్టుకుంటారు. అప్పుడు మీ పెట్టె గదికి రాదు. సాయంత్రం సెక్యూరిటీ గదికి వెళ్లి వరసలో నిలబడి, వస్తువు వాళ్లకు అప్పగించి, పెట్టె తెచ్చుకోవాలి. పూజకు బ్యాటరీ దీపం తెచ్చుకోండి. వెనక అయస్కాంతం అంటించిన వేంకటేశ్వరస్వామి పటమైతే ఇంకా మేలు, గోడకే అతుక్కుంటుంది.

గోడలు ఉక్కువి. ఈ ఒక్క సంగతి తెలిస్తే గది రెట్టింపవుతుంది. కేబిన్లను ఉక్కు పలకలతో కట్టి పైన పలచటి పూత వేస్తారు కాబట్టి అయస్కాంతపు హుక్కులు చాలావరకు గోడలకూ తలుపుకూ అతుక్కుంటాయి. గట్టి రకం 8 లేక 10 తీసుకెళ్లండి. టోపీ, భుజం సంచి, తడి ఈతబట్టలు, రేపటి చొక్కా, చున్నీ అన్నీ గోడెక్కేస్తే నేల ఖాళీ. ఒక జాగ్రత్త: గది కార్డును, బ్యాంకు కార్డులను ఈ హుక్కులకు దూరంగా ఉంచండి. అయస్కాంతపు పట్టీ ఉన్న కార్డు చెడిపోతే మళ్లీ కౌంటరు దగ్గర నిలబడాలి.

తినేవాటిలో కంపెనీ సీలుతో ఉన్న పొడులు, పచ్చళ్లు, బిస్కెట్లు, మరమరాల మిక్చరు లాంటివి చాలా ఓడల్లో అనుమతిస్తారు. ఇంట్లో వండినవి, చెడిపోయేవి ఒప్పుకోరు. బఫేలో తెల్లన్నం, ఉప్పూ తీపీ లేని పెరుగు దొరుకుతాయి. కరివేపాకు పొడి ఒక్కటి చేతిలో ఉంటే నాలుగో రోజుకు దాని విలువ తెలుస్తుంది.

మందులు, పాస్‌పోర్టులు, ఫోను ఛార్జర్లు, ఒక జత బట్టలు, ఈతబట్టలు చేతిసంచిలోనే పెట్టుకోండి. పెద్ద పెట్టెలు రేవులో పోర్టర్లకు ఇచ్చేస్తారు, అవి గది తలుపు దగ్గరికి చేరేసరికి సాయంత్రమో, రాత్రి భోజనం వేళో అవుతుంది.

3. కరెంటు సంగతి

ఎక్కువ గదుల్లో బల్ల దగ్గర 110 వోల్టుల అమెరికా సాకెట్లు రెండు, పక్కన 220 వోల్టుల యూరప్ రకం గుండ్రటి సాకెట్ ఉంటాయి. మన రెండు పుల్లల సన్నటి ప్లగ్గు యూరప్ సాకెట్లో పడుతుంది. మూడు పుల్లలది పట్టదు. ఫోను ఛార్జర్ మీద సన్నటి అక్షరాల్లో 100–240 వోల్టులు అని రాసి ఉంటే ఏ సాకెట్లో పెట్టినా పరవాలేదు. ఇండియా నుంచి తెచ్చిన హెయిర్ డ్రయర్‌ను 110లో పెడితే గోరువెచ్చటి గాలి తప్ప రాదు. గదిలోనే ఒక డ్రయర్ ఉంటుంది, బల్ల సొరుగులో చూడండి.

స్పైక్ బస్టర్ తీసుకెళ్లకండి. ఇది పిచ్చి నిబంధన కాదు. ఇంట్లో న్యూట్రల్ తీగ భూమికి కలిపి ఉంటుంది. ఓడలో సాధారణంగా రెండు తీగల్లోనూ ఓడ ఉక్కుతో పోలిస్తే వోల్టేజీ ఉంటుంది. స్పైక్ బస్టర్ లోపల వోల్టేజీ ఎగబాకకుండా ఆపే సర్జ్ భాగాలు ఇంటి పద్ధతికి తయారైనవి. ఓడలో ఏదైనా లోపం వస్తే అవి వేడెక్కి కాలిపోతాయి. అమెరికా కోస్ట్ గార్డ్ దీని మీద 2013లోనే హెచ్చరిక జారీ చేసింది. మామూలు ఎక్స్‌టెన్షన్ తీగలను కూడా ఇప్పుడు చాలా కంపెనీలు లాక్కుంటున్నాయి. తీగ లేకుండా నేరుగా సాకెట్‌కు గుచ్చే, సర్జ్ భాగం లేని నాలుగు రంధ్రాల యూఎస్‌బీ ఛార్జర్ ఒకటి చాలు. ఇద్దరి ఫోన్లు, వాచీలు, పవర్ బ్యాంకు దాని మీదే నడిచిపోతాయి.

నిద్రలో శ్వాస యంత్రం వాడేవాళ్లు ముందే కంపెనీకి రాసి ఎక్స్‌టెన్షన్ తీగ, డిస్టిల్డ్ నీళ్లు అడగాలి. ఓడెక్కాక అడిగితే దొరికే నమ్మకం లేదు. ఇన్సులిన్ వాడేవాళ్లకూ ఇదే మాట. గదిలో ఉన్న చిన్న పెట్టెను ఫ్రిజ్ అనుకోకండి, అది పానీయాలు చల్లగా ఉంచే కూలర్ మాత్రమే. వాడని ఇన్సులిన్‌కు కావాల్సిన 2 నుంచి 8 డిగ్రీలు అందులో ఉంటాయని చెప్పలేం. మందుల ఫ్రిజ్ కావాలని, సూదులు పడేసే డబ్బా కావాలని అడగండి.

4. మొదటి గంట

గదులు సాధారణంగా మధ్యాహ్నం ఒంటిగంట, ఒకటిన్నర ప్రాంతంలో తెరుస్తారు. గదిలోకి వెళ్లగానే మంచం మీద వాలిపోకుండా ఈ వరస పాటించండి.

ముందు తనిఖీ. టాయిలెట్ ఒకసారి ఫ్లష్ చేయండి. షవర్ వేడినీళ్లు రెండు నిమిషాలు వదిలి చూడండి. ఏసీ చల్లదనం పెంచి గాలి మారుతుందో లేదో గమనించండి. బాల్కనీ తలుపు గొళ్లెం, సేఫ్ తాళం పరీక్షించండి. సేఫ్ తలుపు తెరిచి ఉండగానే కోడ్ పెట్టి, బోల్టు బయటకొచ్చి మళ్లీ లోపలికి పోతుందో చూసుకున్నాకే పాస్‌పోర్టులు అందులో పెట్టండి. లోపం ఏదున్నా ఇప్పుడే చెప్పాలి. ఓడ కదిలాక మరమ్మతు మనుషులకు వందల గదుల నుంచి ఫోన్లు వస్తాయి.

తర్వాత స్టీవార్డ్. గది బయటి వరండాలోనే తిరుగుతుంటాడు, పేరు అడిగి పలకరించండి. అడగాల్సినవన్నీ ఒకేసారి అడిగేయడం అతనికీ మీకూ మంచిది: మంచాలు కలిపి ఉంచాలా, విడదీయాలా, ఇంకో దుప్పటి, దిండ్లు, అరడజను హ్యాంగర్లు, రోజూ ఐసు. ఇప్పుడు చాలా కంపెనీలు గది రోజుకు ఒక్కసారే శుభ్రం చేయిస్తున్నాయి, ఉదయమా సాయంత్రమా అని అడుగుతారు. పొద్దున్నే దీవుల్లోకి దిగిపోయేవాళ్లకు ఉదయం, మధ్యాహ్నం కునుకు తీసి సాయంత్రం బయటికెళ్లేవాళ్లకు సాయంత్రం.

మంచం గురించి ఒక మాట. ఇద్దరి మంచం నిజానికి రెండు ఒంటి మంచాలు జరిపి, పైన ఒకే దుప్పటి పరిచినదే. మధ్యలో పల్లం తగులుతుంటే పైన వేసే మెత్తటి పరుపు అడగండి, ఉంటే తెచ్చి వేస్తారు. ఒకరు దొర్లుతూ ఇంకొకరిని లేపేస్తుంటే మొహమాటం లేకుండా విడదీయించుకోండి. ఏడు రాత్రుల నిద్ర ముందు ఆ మొహమాటం ఎంత!

మూడోది భద్రతా డ్రిల్. ఓడ బయలుదేరకముందే పూర్తి చేయాలి. ఫోను యాప్‌లోనో గది టీవీలోనో వీడియో చూసి, మీ కార్డు మీద రాసిన చోటికి నడిచి వెళ్లి హాజరు వేయించుకోవాలి. ప్రమాద సంకేతం ఏడు పొట్టి కూతలు, ఒక పొడవు కూత. 2012 జనవరి 13న ఇటలీ జిలియో దీవి దగ్గర కోస్టా కంకార్డియా అనే క్రూజ్ ఓడ ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందల మందికి డ్రిల్ ఇంకా జరగలేదు. బయలుదేరకముందే డ్రిల్ చేయించాలన్న పట్టుదల ఆ తర్వాత వచ్చిందే. తిరిగి వచ్చేటప్పుడు మీ గది నుంచి దగ్గరి మెట్లకు ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టండి. పొగలో కళ్లు పనిచేయవు, చేతికి తగిలే తలుపులే లెక్క.

నాలుగోది సర్దడం. పెట్టెలు వచ్చిన వెంటనే పూర్తిగా ఖాళీ చేసి మంచం కిందికి తోసేయండి. మంచం కింద జాగా అందుకే వదులుతారు. మురికిబట్టలు ఒక పెట్టెలో వేస్తూ పోండి, బుట్ట అవసరముండదు. సొరుగులు, అల్మరా అరలు ఇద్దరూ మొదటే పంచుకోండి, ఎవరి వైపు వారిది. బల్ల మీద ఏదీ ఉండకూడదన్న నియమం పెట్టుకుంటే గది పెద్దదిగా కనిపిస్తుంది. పెట్టెలో నుంచే రోజూ బట్టలు లాగే జంటలకు మూడో రోజుకు నడిచే దారి ఉండదు.

5. బాత్రూమ్

మనవాళ్లకు ఎక్కువ ఇబ్బంది ఇక్కడే. బాత్రూమ్‌కు గడప ఉంటుంది. నీళ్లు కార్పెట్ మీదికి రాకుండా కట్టిన ఆ గడపకు రాత్రి చీకట్లో కాలివేళ్లు తగలని వాళ్లు తక్కువ. చిన్న మోషన్ లైటు ఒకటి అయస్కాంతంతో అక్కడ పెట్టండి.

టాయిలెట్ విమానంలోలా గాలితో లాగేది. బటన్ నొక్కితే పెద్ద చప్పుడు చేసి కొద్దిపాటి నీళ్లతో లాగేసుకుంటుంది. మూత వేసి నొక్కండి, కూర్చుని నొక్కకండి. అందులో టాయిలెట్ పేపరు తప్ప ఏదీ పడకూడదు. తడి వైప్స్, ప్యాడ్లు, పండు తొక్కలు వేస్తే అడ్డుపడేది మీ గదికి మాత్రమే కాదు. ఒకే గొట్టానికి ఎన్నో గదులు కలిసి ఉంటాయి కాబట్టి వరస మొత్తం ఆగిపోతుంది.

హెల్త్ ఫాసెట్ ఉండదు. మగ్గు కూడా ఉండదు. నొక్కితే నీళ్లు చిమ్మే ప్రయాణపు సీసా ఒకటి తెచ్చుకోండి, లేదా సన్నటి మూతి ఉన్న లీటరు సీసా. చెంబుతో నీళ్లు పోసుకునే అలవాటు ఇక్కడ కుదరదు, షవర్ గడి బయట నేల మీద నీళ్లు పోస్తే పోయే దారి ఉండకపోవచ్చు. పడిన నీళ్లను వెంటనే వాడిన టవల్‌తో ఒత్తేయండి.

ఒక్కోసారి మురుగు వాసన వస్తుంది. కారణం చాలాసార్లు చిన్నది: నేలలోని జాలీ కింద వంపు గొట్టంలో నిలవాల్సిన నీళ్లు ఎండిపోవడం. గ్లాసెడు నీళ్లు ఆ జాలీలో పోయండి. పోకపోతే స్టీవార్డ్‌కు చెప్పండి.

కుళాయి నీళ్లు తాగొచ్చు, ఎక్కువగా సముద్రపు నీటినే శుద్ధి చేసి ఇస్తారు. రుచి మాత్రం చప్పగా ఉంటుంది.

బట్టలు ఉతుక్కునే యంత్రాలు ఈ కంపెనీ ఓడల్లో ఉండవు. కార్నివాల్, ప్రిన్సెస్ ఓడల్లో ఉంటాయి. ఇక్కడైతే లాండ్రీకి డబ్బిచ్చి వేయాలి, లేదా సింకులో పిండుకోవాలి. పిండడం కంటే ఆరడమే కష్టం. ఉతికిన చొక్కాను పొడి స్నానపు టవల్ మీద పరవండి. రెండూ కలిపి చాపలా గట్టిగా చుట్టండి. ఆ చుట్టను షవర్ గడిలో పెట్టి పాదంతో ఈ కొస నుంచి ఆ కొస దాకా తొక్కండి. విప్పితే టవల్ బరువెక్కి ఉంటుంది, చొక్కా చెమ్మ మాత్రమే మిగులుతుంది. షవర్‌లో గోడకు చిన్న గుండ్రటి డబ్బా ఉంటే దాని కొస లాగండి, తాడు బయటకొస్తుంది, ఎదుటి గోడ కొక్కేనికి తగిలించాలి. పలచటి పాలియెస్టర్ బట్ట తెల్లారేసరికి ఆరుతుంది. జీన్స్, నూలు చీర, లుంగీ లాంటివి రెండు రోజులైనా ఆరక వాసనేస్తాయి, వాటి జోలికి పోవద్దు.

6. బాల్కనీ

గది తలుపు, బాల్కనీ తలుపు ఒకేసారి తెరవకండి. వరండా గాలి, సముద్రపు గాలి కలిసి లాగి తలుపు ధడేలున మూసుకుంటుంది, వేళ్లు నలుగుతాయి. ఒకరు బయట నుంచి వచ్చేటప్పుడు తలుపు తట్టి, లోపలివాళ్లు బాల్కనీ మూశాక తెరవడం అలవాటు చేసుకోండి. బాల్కనీ తలుపు తెరిచి పడుకుంటే అలల చప్పుడు బాగానే ఉంటుంది కానీ చాలా గదుల్లో ఏసీ ఆగిపోతుంది. కరీబియన్ తేమ లోపలికొచ్చి చల్లటి గోడల మీద, పైకప్పు జాలీ మీద నీటిచుక్కలు కడుతుంది, పక్క చెమ్మగిల్లుతుంది.

కడ్డీ మీద టవళ్లు, బట్టలు ఆరేయకండి. గాలికి ఎగిరి కింది డెక్కు మీద పడతాయి. ఎగరకపోయినా ఉప్పుగాలికి జిగటవుతాయి. ఎక్కువ ఓడల్లో బాల్కనీలో పొగ తాగడం నిషేధం, పట్టుబడితే జరిమానా వేస్తారు. కుర్చీ ఎక్కడం, కడ్డీ మీద కూర్చోవడం ఫొటో కోసమైనా వద్దు, ఓడ నుంచి దింపేస్తారు.

7. నిద్ర, చప్పుళ్లు, కడుపులో తిప్పడం

ఓడ కదిలితే గది మూలుగుతుంది. పైకప్పు పలకల మధ్య కిర్రుమనే చప్పుడు వస్తే చేతితో ఒక్కో అతుకు నొక్కి చూడండి. ఎక్కడ నొక్కితే ఆగుతుందో అక్కడ మడిచిన అట్టముక్క దూర్చండి. అల్మరాలో హ్యాంగర్లు టకటకమంటే మధ్యలో సాక్సులు పెట్టండి. సొరుగులో దొర్లే సీసాను టీషర్టులో చుట్టండి. బాత్రూమ్ తలుపు ఊగుతుంటే దాని వెనక కొక్కెం ఉంటుంది, తగిలించండి.

లోపలి గదిలో లైటు ఆర్పితే కారుచీకటి. పది గంటలైనా తెల్లవారలేదనుకుంటారు. టీవీలో ఓడ ముందు కెమెరా చానల్ ఉంటే, చప్పుడు తీసేసి అది పెట్టుకుని పడుకోండి. రాత్రంతా నల్లగా ఉండి, ఎండ రాగానే గదంతా వెలుగు నిండుతుంది.

సముద్రపు తిప్పుడుకు మందు, తిప్పడం మొదలవకముందే పడాలి. అమెరికా మందుల షాపుల్లో మెక్లిజిన్ చీటీ లేకుండానే దొరుకుతుంది. బయలుదేరడానికి గంట ముందు వేసుకుంటారు, మగత తెస్తుంది. గ్లాకోమా, ప్రొస్టేట్ సమస్య ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా వేసుకోవద్దు. అప్పటికే తిప్పుతుంటే గదిలో ముసుగుతన్ని పడుకోవడం కంటే బాల్కనీలో కూర్చుని సముద్రం అంచునే చూడటం మేలు. అల్లం, ఉప్పు బిస్కెట్లు, పుల్లటి ఆకుపచ్చ యాపిల్ ఓడవాళ్ల ఇంటివైద్యం.

వాంతులు, విరేచనాలు రెండూ మొదలైతే అది తిప్పుడు కాదు, నోరోవైరస్ కావచ్చు. శానిటైజర్ దాన్ని సరిగా చంపలేదు. సబ్బుతో, పారే నీళ్లతో చేతులు కడగాలి. వైద్య కేంద్రానికి ఫోను చేయండి. గదిలోనే ఉండమంటారు, భోజనం తెచ్చిస్తారు. రెండోవారినీ గదిలోనే ఉండమంటారేమోనని దాచడం వల్ల లాభం లేదు.

8. ఇద్దరి మధ్య

ఒకే బాత్రూమ్, ఒకే అద్దం, ఒకే కుర్చీ. డిన్నర్ ఆరుంపావుకైతే ఒకరు నాలుగున్నరకే స్నానం ముగించి డెక్కు మీదికి వెళ్లిపోవడం మంచిది, రెండోవారికి గది ఖాళీగా దొరుకుతుంది. పొద్దున్నే లేచేవారు రేపటి బట్టలు, చెప్పులు, కార్డు ముందురోజు రాత్రే బాత్రూమ్‌లో పెట్టుకోవాలి. లేకపోతే ఆరింటికి అల్మరా తలుపు, సంచి జిప్పు, ఫోను లైటు మూడూ కలిసి నిద్రపోతున్నవారి మీద పడతాయి.

ఫోన్లు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి ఓడ వైఫై మాత్రమే వాడండి. లేకపోతే ఓడ సెల్ టవర్‌కు తగులుకుని బిల్లు వాచిపోతుంది. ఒకరికొకరు కబురు పెట్టుకోవడానికి కంపెనీ యాప్ ఉంటుంది, అయినా బల్ల మీద కాగితం, పెన్ను ఉంచండి.

గడియారం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఓడ సమయం, ఫోను సమయం ఒకటి కాకపోవచ్చు. వేసవిలో ఫ్లోరిడా గడియారం గంట ముందుకు జరుగుతుంది. మెక్సికోలోని కోజుమెల్ జరపదు. ఓడ ఫ్లోరిడా సమయం మీదే నడుస్తుంటే, కోజుమెల్‌లో దిగిన ఫోను నాలుగు చూపించే వేళకు ఓడలో ఐదవుతుంది. ఇద్దరిలో ఒకరి చేతికి మామూలు వాచీ ఉండాలి, దాన్ని ఓడ సమయానికి పెట్టాలి.

9. చివరి రాత్రి

ముందురోజు గదికి రంగు ట్యాగులు వస్తాయి. వాటిని పెట్టెలకు కట్టి రాత్రి పదకొండు లోపు తలుపు బయట పెట్టాలి. పెట్టే ముందు రేపటి బట్టలు, లోదుస్తులు, చెప్పులు మంచం మీద తీసి ఉంచండి. అన్నీ సర్దేసి పెట్టె పంపించాక వేసుకోవడానికి రాత్రి దుస్తులు తప్ప ఏమీ మిగలనివాళ్లు ప్రతి ఓడలోనూ ఉంటారు. పాస్‌పోర్టులు, మందులు, కారు తాళాలు చేతిసంచిలోనే. పెట్టెలు మీరే మోసుకుని దిగగలిగితే ట్యాగుల గొడవ లేదు, ముందుగానే దిగొచ్చు.

కొలను టవళ్లు తిరిగి ఇచ్చి కార్డు మీద నమోదు చేయించుకోండి, మరిచిపోతే ఒక్కోదానికి 25 డాలర్ల దాకా ఖాతాలో పడుతుంది. ఆ రాత్రే యాప్‌లో బిల్లు మొత్తం చదవండి. తప్పులుంటే అప్పుడే కౌంటరుకు వెళ్లాలి, పొద్దున వరస మెట్ల దాకా ఉంటుంది. ఓడ బఫేలో తీసుకున్న పండ్లు సంచిలో ఉంచుకుని దిగకండి, అమెరికా కస్టమ్స్ దగ్గర చిక్కు.

గది ఖాళీ చేసేటప్పుడు ఒకరు తలుపు దగ్గర నిలబడితే ఇంకొకరు కుడి గోడ మీదుగా గది చుట్టూ రండి. చూడాల్సినవి: సేఫ్, కూలర్‌లో మందులు, మంచం కింద రెండో పెట్టె, యూరప్ సాకెట్లో ఛార్జర్, షవర్ తాడు మీద బట్టలు, బాత్రూమ్ తలుపు వెనక కొక్కెం. గోడ రంగులో కలిసిపోయే తెల్ల హుక్కులు కంటికి ఆనవు. అందుకే మొదటి రోజు గోడకు పెట్టేటప్పుడే ఎన్నో లెక్కపెట్టి ఫోనులో రాసుకోండి.